పార్సిల్‌లో రానివి

కాకినాడ కాజా, ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు. ఈ మూడింటికీ ఇప్పుడే, ఈ పేజీ మూయకుండానే ఫోన్‌లో ఆర్డర్ పెట్టేయొచ్చు. హైదరాబాద్‌లో ఉంటే రేపో ఎల్లుండో గుమ్మం ముందు ఉంటాయి. డాలస్‌లో ఉన్న మీ అన్నయ్యకు పంపాలన్నా పంపేవాళ్లున్నారు. మరి అలాంటప్పుడు సెలవు పెట్టి, పెట్రోలు పోయించుకుని, ఆ ఊళ్లకే వెళ్లి తినడం ఎందుకు? నా ఫ్రెండ్ అడిగిన ప్రశ్న ఇది. వాడిది కరీంనగర్. సముద్రం అంటే వాడికి వైజాగ్ ఆర్కే బీచ్, అదీ కాలేజీ టూర్‌లో రెండు గంటలు.

ప్రశ్న న్యాయమైనదే. అందుకే 2025 సెప్టెంబరు మొదట్లో, ఊరూరా వినాయక నిమజ్జనాలు జరుగుతున్న రోజుల్లో, వాడిని కార్లో కూర్చోబెట్టుకుని 216 నంబరు జాతీయ రహదారి ఎక్కాను. చెన్నై-కోల్‌కతా హైవే అందరికీ తెలుసు. ఆ దారి రాజమండ్రి, ఏలూరు, విజయవాడ మీదుగా హడావిడిగా వెళ్లిపోతుంది. 216 అలా కాదు. కత్తిపూడి దగ్గర దాన్నుంచి విడిపోయి, సముద్రాన్ని వెతుక్కుంటూ కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా దాదాపు 390 కిలోమీటర్లు తిరిగి ఒంగోలు దగ్గర మళ్లీ కలుస్తుంది. దారిలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ, కృష్ణ అన్నీ దాటాలి. ఒక్కో వంతెన దాటగానే టిఫిన్ మారుతుంది, యాస మారుతుంది, చట్నీలో కారం మారుతుంది. మ్యాప్ మాత్రం ప్రతి ఊరి ముందూ బైపాస్ ఎక్కమంటుంది. ఈ ఒక్క ట్రిప్‌కి దాని మాట వినకండి.

మొదలు ఉప్పాడలో పెట్టాం. కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం పక్కనే రోడ్డుంది. ఉంది అనడం కంటే, ఉన్నప్పుడు ఉంటుంది అనాలి. పెద్ద అలలొచ్చిన ప్రతిసారీ కోసుకుపోతుంది, మళ్లీ రాళ్లు పోస్తారు, మళ్లీ కోసుకుపోతుంది. తీరానికి అడ్డంగా ఇసుక నింపిన పెద్ద పెద్ద జియో ట్యూబులు కూడా వేశారు. సముద్రం వాటినీ వదల్లేదు. మేం వెళ్లిన రోజు రోడ్డు తెరిచే ఉంది, అల వచ్చి రాళ్లకు కొట్టుకున్నప్పుడల్లా అద్దం మీద ఉప్పునీళ్లు చిమ్మేవి. మావాడు మొదట వీడియో తీశాడు. తర్వాత తీయడం ఆపి సీటు బెల్టు గట్టిగా పట్టుకున్నాడు.

ఉప్పాడ అనగానే జాందానీ చీరలు గుర్తొస్తాయి, 2009లోనే వాటికి జీఐ గుర్తింపు వచ్చింది. మేం మాత్రం చేపలు ఎండబెట్టే చోట ఆగాం. ఒక పెద్దావిడ నెత్తళ్లు తిరగేస్తూ కూర్చుంది. మాటల్లో పెట్టి, మీ ఇల్లెక్కడ మామ్మగారూ అని అడిగాను. "ఏ ఇల్లు బాబూ? పాతదా, కొత్తదా?" అంది. పాతది ఎక్కడంటే చెయ్యి ఎత్తి చూపించింది. ఊరి వైపు కాదు, నీళ్ల వైపు. "అదిగో, ఆ పడవుంది సూడు, దానికింకా అవతల. పొయ్యి అక్కడుండేది." తర్వాత ఏమీ జరగనట్టే నెత్తళ్లు తిరగేసింది.

ఎండుచేప ఈ తీరం మొత్తానికి పాత పార్సిల్. ఫ్రిజ్‌లు లేని కాలంలో, ఐసు లేని కాలంలో, సముద్రాన్ని మెట్ట ఊళ్లకు చేర్చింది ఉప్పూ ఎండే కదా. నెలల తరబడి నిలవుంటుంది. బస్సులో మాత్రం పది నిమిషాలే, ఆ తర్వాత కండక్టరు దించేస్తాడు. మేం కారు కాబట్టి అరకిలో కొన్నాం. ఆ వాసన బందరు దాకా మాతోనే వచ్చింది.

కాకినాడలో గొట్టం కాజా దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. మడత కాజా తాపేశ్వరానిది, అది పొరలు పొరలుగా ఉంటుంది. కాకినాడది గొట్టం. పిండి ముక్కను వేయించినప్పుడు లోపల బోలుగా తయారవుతుంది, ఆ బోలులోకి పాకం ఎక్కుతుంది. పైన కరకర, కొరగ్గానే లోపల్నుంచి పాకం జారడం. అదీ కిటుకు. చొక్కా మీద పడకుండా తిన్నవాడు ఆ ఊరివాడని అర్థం. ఇప్పుడు మీ ఇంటికి పెట్టెలో వచ్చే కాజా సంగతి ఆలోచించండి. రెండు మూడు రోజుల్లో పాకం నెమ్మదిగా గోడలోకి ఇంకిపోతుంది, పైపొర మెత్తబడుతుంది. తియ్యగానే ఉంటుంది, బాగానే ఉంటుంది. కానీ ఆ జారడం ఉండదు. వేడి మీద ఒకటి తిని, మావాడు తన ప్రశ్నను సగం వెనక్కి తీసుకున్నాడు. సగమే.

మధ్యాహ్నం సుబ్బయ్య గారి హోటల్‌లో అరిటాకు భోజనం. అక్కడి బుట్ట భోజనం కూడా ఫేమస్సే, అన్నం కూరలు అన్నీ బుట్టలో సర్ది ఇస్తారు. బుట్ట మోసుకెళ్లవచ్చు, "ఇంకొంచెం వేసుకోండి, ఏవండీ, కూరే తిన్లేదు" అని వెంటపడి వడ్డించే మనిషిని మోసుకెళ్లలేం.

కాకినాడ దాటి యానాం వెళ్లే దారిలో కోరంగి వస్తుంది. అందరూ మడ అడవుల్లో చెక్క వంతెన మీద ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మేమూ దిగాం. ఒకప్పుడు ఇది పెద్ద రేవు, ఓడలు కట్టే ఊరు. 1839 నవంబరులో వచ్చిన తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది. ఇక్కడి రేవు నుంచి ఎంతమంది తెలుగువాళ్లు బర్మా వెళ్లారంటే, అక్కడ మనవాళ్లకు కోరంగీలు అనే పేరే పడిపోయింది. ఇప్పుడు మనం ఊరొదిలి వెళ్లడం ఏదో కొత్తగా కనిపెట్టినట్టు ఫీలవుతాం గానీ, ఈ తీరానికి అది పాత అలవాటు.

యానాం. బండ్ల నంబరు ప్లేట్లు హఠాత్తుగా పీవై అయిపోతాయి. ఊరు పుదుచ్చేరిది, 1954 దాకా ఫ్రెంచి వాళ్లది. చుట్టూ ఆంధ్రా, మధ్యలో ఈ చిన్న ముక్క. మా వయసు వాళ్లు చాలామంది ఇక్కడికి దేనికి వస్తారో నేను చెప్పక్కర్లేదు. మేం వచ్చింది పులస కోసం.

పులస గురించి మీమ్స్ చూసే ఉంటారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత కూడా వినే ఉంటారు. అసలు విషయం మాత్రం చాలామందికి తెలీదు. పులస వేరే జాతి చేప కాదు. బెంగాలీలు ఇలిష్ అని ప్రాణం పెట్టే చేపే ఇది. సముద్రంలో ఉన్నప్పుడు దీన్ని వలస అనో విలస అనో అంటారు, అప్పుడు ధర మామూలు ధరే. వానాకాలం గోదారికి ఎర్రనీరు రాగానే, గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి నదిలోకి ఎదురీదుతుంది. వరద నీటికి ఎదురు. అలా ఈదుతున్నకొద్దీ దాని ఒంట్లో మార్పు వస్తుంది, సముద్రపు రుచి పోయి గోదారి రుచి వస్తుంది, అప్పుడది పులస అవుతుంది. అంటే పులస అనేది చేప పేరనే దానికన్నా, ఒక ప్రయాణం పేరు అనుకోవాలి. ఎంత పైదాకా ఈదితే అంత రుచి అంటారు ఇక్కడ. ఎంత పైకి ఈదినా ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోవాల్సిందే.

అందుకే దీన్ని ఎక్కడా చెరువులో పెంచి పులస అని అమ్మలేరు. జులై నుంచి సెప్టెంబరు దాకా, గోదారి ఒప్పుకుంటే దొరుకుతుంది. ఏటేటా తగ్గిపోతోంది కూడా. నది సముద్రంలో కలిసే చోటే వలలు అడ్డం పడుతున్నాయి, సన్న కన్ను వలల్లో పిల్ల చేపలు కూడా వచ్చేస్తున్నాయి, ఇసుక మేటలు వేసి నదిలోకి వచ్చే దారి ఇరుకవుతోంది. అందుకే ఒక మంచి చేప పడితే వేలంపాట వేలల్లోకి వెళ్తుంది, మర్నాడు న్యూస్ ఛానళ్లలో దాని ఫొటో వస్తుంది. పెళ్లికొడుకు ఫొటో కూడా అంత బాగా తీయరు.

మార్కెట్‌లో ఒకాయన ఐసు పెట్టెలోంచి వెండిలా మెరిసే చేపలు తీసి చూపించాడు. "పులసేనా అండీ?" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "మీరు దూరం నుంచొచ్చినట్టున్నారు, అబద్ధమెందుకు బాబూ. ఇది ఒరిస్సా నుంచొచ్చింది. ఐసులో వచ్చిందేదీ పులస కాదండి. పులస కావాలంటే తెల్లారగట్ల రండి. అదీ వలకి పడితే" అన్నాడు. వచ్చిన కస్టమర్‌ని ఇలా పంపేసేవాణ్ని చూడటం నాకదే మొదటిసారి. రెండు రోజులు అక్కడే తిరిగితే, మూడో తెల్లవారుజామున ఒకటి పడింది. నలుగురం కలిసి కొన్నాం, అంటే మేమిద్దరం, మేం దిగిన లాడ్జి ఓనరుగారు, ఆయన బావమరిది. ధర ఇక్కడ రాయను, మా అమ్మ ఈ కాలమ్ చదువుతుంది.

ఓనరుగారి భార్య వండారు. మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, సన్న సెగన. చింతపండు పులుసు, బెండకాయ ముక్కలు, చివర్లో ఆవకాయ మీద తేరిన నూనె. వండగానే పెట్టలేదు. "ఇయాల తింటే చేప, రేపు తింటే పులస. ఉండండి" అన్నారు. ఆకలితో ఆ వాసన చూస్తూ ఒక రాత్రి పడుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. మర్నాడు పులుసు దగ్గరపడి, ముక్కకి పట్టేసి ఉంది. ముల్లు మాత్రం జుట్టంత సన్నం, లెక్కలేనన్ని. మావాడు మొదటి ముద్దకే "అరే, ఇది చాపనా, బ్రష్షా?" అన్నాడు. రెండో ముద్దకు మాట్లాడటం మానేశాడు. పులస తినేటప్పుడు ఎవరూ మాట్లాడరు, ఫోన్ అసలే చూడరు. ముల్లు గొంతులో పడుతుందని భయం. భోజనం దగ్గర ఫోన్ పక్కన పెట్టించగలిగిన తిండి నాకు తెలిసి ఇదొక్కటే.

రుచి ఎలా ఉందని అడుగుతారు. కొవ్వున్న చేప, నోట్లో వెన్నలా కరిగింది, పులుసు దాన్ని పట్టుకుని ఆపింది. అంతకంటే రాయడం నా వల్ల కాదు. అంత డబ్బుకు తగ్గ రుచేనా అంటే, ఒక్కసారికి అవును. రెండోసారి మటన్ కొనుక్కుంటాను.

యానాం దగ్గర గౌతమి మీద బాలయోగి వంతెన దాటితే ఎదుర్లంక, కోనసీమ. వంతెన రాకముందు ఇక్కడ పంటు మీద దాటేవాళ్లట. మనుషులు, సైకిళ్లు, లారీలు అన్నీ ఒకే పంటు మీద. అమలాపురం వైపు వెళ్లేకొద్దీ రోడ్డుకు రెండు వైపులా కొబ్బరి చెట్లు, వాటి కింద అరటి, మధ్యలో కాలువ. రీల్స్‌లో చూసిందంతా నిజమే, ఫిల్టర్ అక్కర్లేదు.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కు పేరు. మాకు మాత్రం పొట్టిక్కలు కావాలి. నాలుగు పనసాకుల్ని కొబ్బరి ఈనెలతో గుచ్చి చిన్న బుట్టలా చేస్తారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. వేడివేడిగా వచ్చిన దాన్ని, ఆకులు ఒక్కోటి ఒలుచుకుంటూ, కొబ్బరి చట్నీతో, అల్లం పచ్చడితో తినాలి. ఇడ్లీకి చుట్టూ ఆకు ఈనెల అచ్చు పడి ఉంటుంది, పనసాకు వాసన లోపలిదాకా ఎక్కి ఉంటుంది. మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందిరా ఇది, ఇడ్లీకి గంప అల్లిన్రు?" అన్నాడు. పక్క టేబుల్ పెద్దాయన నవ్వి, "తినండి బాబూ, సల్లారిపోతే ఇడ్లీయే" అన్నాడు.

ఆ మాటలో మొత్తం విషయం ఉంది. పొట్టిక్క ఆయుష్షు పది పదిహేను నిమిషాలు. చల్లారితే ఆకు వాసన దిగిపోతుంది, లోపల చెమ్మ పడుతుంది. దాన్ని పార్సిల్ కట్టి గంట తర్వాత తెరిస్తే, ఆయనన్నట్టు, ఇడ్లీయే. పిండి రుబ్బడం మిషను చేస్తుంది, ఉడకడం ఆవిరి చేస్తుంది. బుట్ట మాత్రం చేత్తోనే గుచ్చాలి. వండే ఆవిడను అడిగితే, ముందురోజు సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని గుచ్చుతామని చెప్పారు. "టీవీ సూస్తా చేసేస్తామండి. ఇప్పుడు పిల్లలు టీవీ సూడట్లేదు గదా, ఫోను సూస్తన్నారు. ఫోను సూస్తే రెండు చేతులూ ఖాళీ ఉండవండి" అన్నారు. సీరియల్ అయితే కళ్లు చాలు, రీల్స్‌కి బొటనవేలు కూడా కావాలి. పొట్టిక్కలకు వచ్చిన ఈ కష్టం నేనెప్పుడూ ఊహించలేదు.

అక్కణ్నుంచి 216ను కాసేపు వదిలేసి, రావులపాలెం మీదుగా ఆత్రేయపురం వెళ్లాం. ఊళ్లోకి వెళ్తుంటేనే రోడ్డు పొడవునా పూతరేకుల షాపుల బోర్డులు. 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. షాపుల్లో ఇప్పుడు నానా రకాలు, బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్, చాక్లెట్ కూడా. చాక్లెట్ పూతరేకు మీద నా అభిప్రాయం ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పను.

షాపుల వెనక వీధిలోకి వెళ్లండి. రేకు అక్కడ పుడుతుంది. చుట్టేవాళ్లు వేరు, అమ్మేవాళ్లు వేరు, రేకు వేసేవాళ్లు వేరు. ఒక ఇంటి పంచలో ఒకావిడ పని చేసుకుంటుంటే, చూడొచ్చా అని అడిగి కూర్చున్నాం. పొయ్యి మీద ప్రత్యేకంగా చేయించిన కుండను బోర్లించి ఉంది. కింద ఎండు కొబ్బరాకుల మంట. పక్కనే బియ్యప్పిండి నీళ్లు, పాలకంటే పల్చగా. జయ రకం బియ్యమైతేనే రేకు బాగా వస్తుందట. పల్చటి గుడ్డను ఆ నీళ్లలో ముంచి, రెండు చేతులా పట్టుకుని, కుండ మీద ఒక్కసారి అలా లాగుతారు. అంతే. సెకనులో తెల్లటి పొర ఏర్పడి, అంచులు తనంతట తనే లేస్తుంది. తీసి పక్కన పెడతారు. మళ్లీ గుడ్డ, మళ్లీ కుండ. కాగితం కంటే పల్చన. వెలుతురుకు పట్టుకుంటే వేళ్లు కనిపించాయి.

చూడటానికి మ్యాజిక్‌లా ఉంటుంది గానీ, పది నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది. పొగ కళ్లలోకి, సెగ మొహంలోకి. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే లేవదు, అందుకని ఒక చెయ్యి ఎప్పుడూ ఆకులు ఎగదోస్తూ ఉండాలి. ఆవిడ మోచేతుల దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు. నేను అడిగాను, ఎన్నేళ్లుగా చేస్తున్నారండీ అని. "పెళ్లయ్యి ఈ ఊరొచ్చినప్పటి నుంచండి. మా అత్తగారు నేర్పారు."

"జీఐ వచ్చాక రేకుల రేటు పెరిగిందా అండీ?"

"పెట్టె మీద బొమ్మ బాగుందండి" అన్నారు, నవ్వకుండా.

మీరేం చేస్తారు బాబూ అని ఆవిడ అడిగారు. సాఫ్ట్‌వేర్ అని చెప్పాను. మొహం వెలిగింది. "మా అమ్మాయి కూడా హైదరాబాద్‌లోనేనండి, కంప్యూటర్ ఉద్యోగం. గచ్చిబౌలి అంటండి." అయితే ఆ అమ్మాయికి కూడా రేకు వేయడం వచ్చా అన్నాను. గుడ్డ కుండ మీద లాగుతూనే జవాబు చెప్పారు. "రాదండి. నేనే నేర్పలేదు. ఈ పొగ దానికెందుకు? పక్కన కూర్చుంటానంటే లోపలికెళ్లి చదువుకోమనేదాన్ని."

మావాడు నన్ను చూశాడు. వాళ్ల నాన్న బీడీల కంపెనీలో పని చేసి వాణ్ని చదివించాడు. వాడికి బీడీ చుట్టడం రాదు. ఇద్దరం ఇంక ప్రశ్నలేవీ అడగలేదు. వంద రేకులు కట్ట కట్టి ఇచ్చారు, నెయ్యి, బెల్లం మీరే రాసుకోండి, అప్పుడే బాగుంటాయి అని. అంత జాగ్రత్తగా మోసినా, బందరు చేరేసరికి సగం పొడి అయ్యాయి. పొడిని కూడా తిన్నాం.

ఎవరైనా ఈ రేకులు చేసే మిషను కనిపెట్టొచ్చు కదా అని ఇంజినీరు బుర్ర ఊరికే ఉండదు. కనిపెడితే ఆవిడకు పొగ తప్పుతుందా, పనే తప్పుతుందా అనేది మాత్రం మిషను బొమ్మ గీస్తే తేలదు. దారంతా ఇద్దరం దీని మీదే కొట్టుకున్నాం. వాడు మిషను కావాలన్నాడు. నేను ముందు పొగ గొట్టం, మంచి పొయ్యి పెట్టాలి, రేకుకు రేటు పెరగాలి అన్నాను. ఇంకా తేలలేదు.

మళ్లీ 216 పట్టుకుని, రాజోలు దాటి, దిండి దగ్గర వశిష్ఠ మీద చించినాడ వంతెన ఎక్కితే పశ్చిమ గోదావరి. దృశ్యం మారిపోతుంది. కొబ్బరి తోటలు వెనకబడతాయి, అద్దాలు పరిచినట్టు చెరువులు మొదలవుతాయి. రొయ్యల చెరువులు, వాటిలో గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్మే ఏరేటర్లు. భీమవరం చుట్టూ ఎటు చూసినా ఇదే. ఇక్కడ రొయ్యను కిలోల్లో చెప్పరు, కౌంట్‌లో చెబుతారు. కిలోకి ముప్పై తూగితే ముప్పై కౌంట్, వంద తూగితే వంద కౌంట్. అంటే నంబరు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. మావాడికి ఇది అర్థం కావడానికి రెండు టీలు పట్టింది.

ఈ చెరువుల్లోది చాలావరకు ఇక్కడ తినడానికి పెంచేది కాదు. గడ్డకట్టించి ఓడ ఎక్కిస్తారు, పెద్ద కొనుగోలుదారు అమెరికా. మేం వెళ్లడానికి వారం ముందే అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. టీకొట్టు దగ్గర ఒక రైతు మాతో, "మా చెరువులో నీళ్లు బాగున్నాయండి, మేత బాగుంది, రోగం లేదు. వాషింగ్టన్‌లో ఎవరో సంతకం పెట్టారంటండి" అన్నాడు. పొట్టిక్క అంబాజీపేట దాటదు. రొయ్య ఏకంగా సముద్రాలు దాటుతుంది. దాటగలిగినదానికి ఉండే భయాలు వేరు. ఆ రాత్రి భీమవరంలో రొయ్యల ఇగురు తిన్నాం. చాలా బాగుంది. మనవాళ్లు ఇది ఇంకాస్త ఎక్కువ తింటే బాగుండునని మాత్రం అనిపించింది.

బందరు, అంటే మచిలీపట్నం. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్లు వచ్చి కొట్టు పెట్టుకున్న ఊరు, డచ్చి వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్న ఊరు. 1864 తుపానులో ఈ ఒక్క చోటే ముప్పై వేలమంది దాకా పోయారని లెక్క. ఇంత జరిగిన ఊరు ఇప్పుడు ఎంత నిదానంగా ఉంటుందంటే, మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీద కుక్క కూడా తొందరపడదు.

బందరు లడ్డును తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండిని సన్న పూసగా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, మళ్లీ రోకళ్లతో దంచి, నెయ్యి, ఏలకులు వేసి కడతారు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీ కుటుంబాలు ఈ విద్య తెచ్చాయని బందరులో చెప్పుకుంటారు. 2017లో జీఐ వచ్చింది. బూందీ లడ్డులా పంటికింద గింజ తగలదు, నోట్లో వేసుకుంటే ఇసుక గోడ కూలినట్టు మెత్తగా కరుగుతుంది. పక్కనే నల్ల హల్వా, గోధుమ పాలు, బెల్లం, నెయ్యి కలిపి గంటల తరబడి తిప్పింది. ఈ రెండూ నిజంగా ప్రయాణం కోసమే పుట్టినట్టుంటాయి. నాలుగు రోజులైనా రుచి చెక్కుచెదరదు. కాబట్టి వీటిని ఫోన్‌లో తెప్పించుకోండి, నేనేమీ అనను. మావాడు వాళ్లమ్మకు రెండు కిలోలు తీసుకున్నాడు.

తర్వాత దివిసీమ అంచు. మోపిదేవి, పక్కన అవనిగడ్డ. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన ఇక్కడి ఊళ్లకు ఊళ్లనే తీసుకెళ్లిపోయింది. ఆ తేదీ చెబితే పెద్దవాళ్లు ఇప్పటికీ మాట్లాడటం ఆపి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మొదలుపెడతారు. పెనుమూడి వంతెన మీద కృష్ణ దాటి, రేపల్లె, బాపట్ల మీదుగా చీరాల చేరాం. వేటపాలెంలో జీడిపప్పు కొన్నాం, 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం చూశాం. ఓడరేవులో తెల్లారగట్ల పడవలొచ్చే వేళకు వెళ్లి, అప్పుడే దించిన చేపను ఒడ్డునే ఒక గుడిసెలో వేయించి పెట్టించుకున్నాం. పేరు అడిగితే ఏదో చెప్పారు, గాలి హోరులో వినపడలేదు. దాని గురించి ఫోన్‌లో వెతకడానికి కూడా ఏమీ లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు ముక్కలు. పులస కావాలంటే జులై, సెప్టెంబరు మధ్యే వెళ్లండి, ఐసు పెట్టె ముందు డబ్బులు తీయకండి. పొట్టిక్కలకు ఉదయం తొమ్మిది లోపు, టేబుల్ దగ్గరే. ఆత్రేయపురంలో షాపుతో పాటు వెనక వీధికి కూడా వెళ్లండి, ఒక కట్ట రేకులు వేసినవాళ్ల చేతి నుంచే కొనండి, బేరం ఆడకండి. ఆవిడ నంబరు ఇమ్మని నాకు మెసేజ్‌లు పెట్టకండి, ఆవిడ కొరియర్ చేయరు. బందరు ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఉప్పాడకు మాత్రం ముందు వెళ్లండి. బయల్దేరే ముందు రోడ్డు ఉందో లేదో కాకినాడలో ఎవర్నైనా అడగండి.